ఓడిపోవడం కూడా చేతకాని ఇద్దరు

ఫొటో తీసే ముందు ముఖం తుడుచుకోవడమే ఆ అమ్మాయి చేసిన పొరపాటు.

తుడుచుకోకుండా ఎలా ఉంటుంది? హాలంతా ఉక్క. ఉన్న ఫ్యాన్లన్నీ వేదిక మీది పెద్దలవైపే తిరుగుతున్నాయి. తువ్వాళ్ల కంపెనీ ఛైర్మన్ గారు మైకు పట్టుకుని నూలుకీ మానవజాతి భవిష్యత్తుకీ ఉన్న సంబంధం గురించి మొదలుపెట్టి చాలాసేపయింది. ఆ సంబంధం ఆయనకింకా దొరకలేదు. యూనివర్సిటీ టెక్స్‌టైల్ డిపార్ట్‌మెంటులో ఆయన ఇచ్చే స్కాలర్‌షిప్పుకి ఆ ఏడాది ఎంపికైనవాళ్లు ఇద్దరే. ఆ ఇద్దరినీ వేదిక ముందు పక్కపక్కన నిలబెట్టి చెరో కొత్త తువ్వాలూ చేతిలో పెట్టారు. దాని మీద కంపెనీ పేరు ఎంత పెద్దగా ఉందంటే, తుడుచుకోవడానికి మూలలే మిగిలాయి. ఆమె ఆ మూలతోనే నుదురూ చెంపలూ గడ్డమూ గట్టిగా తుడుచుకుంది.

పక్కనున్న అబ్బాయి ఓసారి చూశాడు. చూపు తిప్పుకున్నాడు. మళ్లీ చూశాడు.

"ఏవండీ..." అన్నాడు మెల్లగా.

"ఏంటి?"

"మీ గడ్డం..."

"ఏమైంది నా గడ్డానికి?"

"గడ్డానికి గడ్డం వచ్చిందండి."

మొదటి పరిచయంలోనే వెకిలి వేషాలు! ఆమెకి ఒళ్లు మండింది. "నోరు మూసుకుని ముందుకు చూడండి. ఫొటో తీస్తున్నారు."

అబ్బాయి బుద్ధిగా నోరు మూసుకున్నాడు. ఫొటో పడింది.

మూడోరోజుకల్లా ఆ ఫొటో యూనివర్సిటీ గేటు ముందు ఫ్లెక్సీ అయి వెలిసింది. కొత్త తువ్వాలు వదిలిన తెల్లటి నూగంతా చెమటకి అంటుకుని, ఆమె చెంపల నుంచి మెడదాకా ఒత్తుగా, ఎనభై ఏళ్ల పెద్దాయనకున్నంత గడ్డం. కింద 'రేపటి నేతకు మా చేయూత' అని అక్షరాలు. హాస్టల్లో అమ్మాయిలు ఆమె ఎదురైతే పక్కకి తప్పుకుని "తాతగారికి దారివ్వండే" అనడం మొదలుపెట్టారు.

ఆమె ఆ అబ్బాయిని వెతుక్కుంటూ మగ్గాల హాలుకి వెళ్లింది.

"చెప్పొచ్చుగా!" అంది గుమ్మంలోంచే.

"చెప్పాను. మీరు నోరు మూసుకోమన్నారు."

"నూగు అంటుకుందని చెప్పాలి. గడ్డం వచ్చిందంటే ఎవరికి అర్థమవుతుంది?"

"ఛైర్మన్ గారి ముందు ఆయన తువ్వాలు నూగు వదులుతోందని ఎలా అంటానండీ? స్కాలర్‌షిప్ వచ్చి అప్పటికి పావుగంటే అయింది."

ఆమెకి నవ్వొచ్చింది. రానివ్వలేదు.

డిపార్ట్‌మెంటులో ఆమె పేరు కత్తెర. ఎదుటివాళ్లు మాట పూర్తి చేసేలోగా తుంచేస్తుందని ఎవరో పెట్టారు, అతుక్కుపోయింది. అతని పేరు ఇస్త్రీ. ఎండైనా వానైనా చొక్కా మడత నలగదు. జేబురుమాలు కూడా నాలుగు మడతలు వేసి ఇస్త్రీ చేసుకునే రకం. ఇలాంటి ఇద్దరు ఒకే మగ్గం మీద ఏడాదంతా పనిచేయాల్సి వచ్చింది.

ఒకే మగ్గం ఎందుకంటే, హాలులో మగ్గాలు చాలానే ఉన్నాయి గానీ నడిచేది ఒక్కటే. మిగతావన్నీ పెద్దలు దానమిచ్చినవి. ప్రతిదానికీ దాత పేరుతో ఇత్తడి పలక ఉంది. పలకల్ని రోజూ తోమడానికి ఒక మనిషి ఉన్నాడు, మగ్గాలు బాగు చేయడానికి లేడు. నడిచే మగ్గానికి మాత్రం పలక లేదు. అదెవరిచ్చారో ఎవరికీ గుర్తులేదు.

"పొద్దున నాది, మధ్యాహ్నం మీది," అంది కత్తెర.

"మధ్యాహ్నం నిద్రొస్తుందండి."

"అందుకే మీది అన్నా."

అలా పంచుకున్నారు. కానీ మగ్గం మీద ఒకరు నేస్తుంటే పడుగు దారాలు తెగినప్పుడు అవతలివైపు నుంచి ముడి వేయడానికి ఇంకొకరు కావాలి. ఒంటిచేత్తో అయ్యే పని కాదది. కాబట్టి పొద్దున అతను, మధ్యాహ్నం ఆమె, అవతలివైపు కూర్చోక తప్పలేదు. నిలువుగా బిగించిన వందల దారాల సందుల్లోంచి ఒకరి ముఖం ఒకరికి గీతలు గీతలుగా కనిపించేది. కళ్లు కలిసినప్పుడల్లా ఇద్దరికీ ఎక్కడో ఒక దారం తెగినట్టు అనిపించేది. వంగి వెతికేవారు. తెగినదేమీ ఉండేది కాదు.

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

ఇదంతా బాగానే ఉంది గానీ, స్కాలర్‌షిప్పులో ఒక మెలిక ఉంది. మొదటి ఏడాది ఇద్దరికి. ఏడాది చివర కొత్త రకం బట్ట ఒకటి నేసి చూపించాలి. ఎవరిది బాగుంటే వాళ్లకే మిగతా చదువంతా. రెండోవాళ్లు ఇంటికి. "పోటీ ఉంటేనే మనిషి పైకొస్తాడు," అని ఛైర్మన్ గారి సిద్ధాంతం. ఆయన మటుకు మామగారి మిల్లులోకి ఏ పోటీ లేకుండా అల్లుడి హోదాలో వచ్చారు.

* * *

ఒకరోజు మధ్యాహ్నం, ఆకాశం ఎలాంటి సూచనా ఇవ్వకుండా కురిసింది.

ఇద్దరూ రంగు వేసిన నూలు చిలపల చుట్టలు వెనక పెరట్లో తీగల మీద ఆరేసి ఉన్నారు. ఆమెవి ఒక తీగ మీద, అతనివి ఒక తీగ మీద. చినుకు పడగానే ఇద్దరూ పరుగెత్తారు. ఆమె తన తీగ దగ్గరికి చేరేసరికి అది ఖాళీగా ఉంది. ఆమె చిలపలన్నీ చొక్కా లోపల దోపుకుని, రేకుల షెడ్డు కింద ఇస్త్రీ నిలబడ్డాడు. అతని నూలు మాత్రం తీగ మీద హాయిగా తడుస్తూ, రంగంతా బురదలోకి కారుస్తోంది.

"నీది తియ్యలేదేం?" అంది ఆయాసపడుతూ.

"తీసింది నాదే అనుకున్నా."

"నాది ఎరుపు. నీది నీలం."

"వానలో రంగులు ఎక్కడ కనపడతాయి?"

మొదటిసారి అతని చొక్కా నలిగింది. అంతకు మించి, ముందువైపంతా ఎర్రగా మరకలు. ఆమె ఆ మరకల్ని చూసి ఏదో గట్టిగా అనబోయింది. మాట రాలేదు. కత్తెరకి మాట రాకపోవడం అదే మొదలు.

వాన తగ్గేదాకా షెడ్డు కింద కబుర్లే. వాళ్ల నాన్న బస్సు డ్రైవరని అతను చెప్పాడు. రోజంతా ఆ రెక్సిన్ సీటు మీద కూర్చుంటే వీపంతా పొక్కిపోతుందట. చెమట పీల్చి గాలాడే సీటు బట్ట నేయాలని అతని ఆలోచన. ఆమె తన అక్కాబావల గురించి చెప్పింది. అమ్మానాన్నా లేకపోతే అక్కే పెంచింది. బావ స్కూలు యూనిఫాంలు కుట్టే టైలరు. మంచివాడే కానీ, ఆయన లెక్కలో ప్రపంచంలో ఉద్యోగాలు రెండే, కుట్టడం, కాజాలు తియ్యడం. "చదువు కుదరకపోతే వచ్చెయ్ మరదలా, కాజాల మిషను ఖాళీగానే ఉంది," అని ప్రతిసారీ ఫోన్లో ప్రేమగా భయపెడతాడు. ఆమె మాత్రం ఎముకల్లో చలి పట్టే ముసలివాళ్ల కోసం, మోయడానికి బరువు లేకుండా వెచ్చగా ఉండే దుప్పటి నేయాలనుకుంటోంది.

"ఎలా?" అన్నాడు.

"రెండు పొరలు. మధ్యలో గాలి. గాలికి బరువేముంది?"

అతను రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి కాస్త ఎడంగా పెట్టి చూసుకున్నాడు. తర్వాత, "నువ్వే గెలుస్తావు," అన్నాడు. ఈర్ష్య లేకుండా, వాన వెలిసింది అన్నంత మామూలుగా.

ఆ మాట ఆమెకి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో వారం తర్వాత తెలిసింది. క్యాంటీన్ వెనక వరండాలో అతను వాళ్లమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. టీ గ్లాసు పట్టుకుని వచ్చిన ఆమె స్తంభం ఇవతలే ఆగిపోయింది.

"రాకపోతే రాకపోయిందిలే అమ్మా. బాబాయి పరుపుల షాపులో కూర్చుంటా... ఏడవకు. పరుపులకి కూడా బట్టే కదా... లేదమ్మా, ఆ అమ్మాయి నాకంటే చాలా బాగా నేస్తుంది. నిజంగా."

టీ చల్లారిపోయింది. ఇస్త్రీ మడతతో పరుపుల షాపు గుమ్మంలో నిలబడి, 'మెత్తగా కావాలా, గట్టిగా కావాలా అండీ' అంటున్న అతను ఆమె కళ్లముందు కదిలాడు. కాజాల మిషను దానికంటే నయమనిపించింది.

ఓడిపోవాలని ఆ సాయంత్రమే నిశ్చయించుకుంది.

* * *

బాగా నేసేవాళ్లకి చెడగొట్టడం ఎంత కష్టమో ఆమెకి అప్పుడే తెలిసింది. చెయ్యి ఊరుకోదు. తప్పు తొక్కుడుపలక తొక్కబోతే కాలు దానంతటదే సరైనదాని మీదికి జరిగేది. పళ్లు బిగబట్టి అడ్డదారాలు అక్కడక్కడా వదిలేసింది. కొన్నిచోట్ల పేలికలా వేలాడనిచ్చింది. చివరికి దుప్పటి కాస్తా వల అయింది. గుప్పిట మూసి దూర్చినా అడ్డం తగలనంత చిల్లులు. తృప్తిగా మడతపెట్టింది.

మొదటి సమీక్షకి కమిటీ కూర్చుంది. ముగ్గురు. ఛైర్మన్ గారు, డిపార్ట్‌మెంటు హెడ్డు గారు, ఛైర్మన్ గారు వెంటబెట్టుకొచ్చిన ఒక సలహాదారు. సలహాదారుకి నూలు తెలీదు, నేత తెలీదు. అవి తెలియకపోవడం వల్లే కొత్తగా ఆలోచించగలనని ఆయన ధీమా. ఏది చూపించినా ఆయన అడిగే ప్రశ్న ఒకటే.

"దీని కథేంటి?"

"చిల్లులు పడ్డాయండి," అంది కత్తెర వినయంగా.

సలహాదారు దుప్పటిని పైకెత్తి, ఒక చిల్లులోంచి ఛైర్మన్ గారిని చూశాడు. ఇంకో చిల్లులోంచి హెడ్డు గారిని చూశాడు. దుప్పటిని గుండెకి హత్తుకున్నాడు.

"ఇవి చిల్లులు కావు. అవకాశాలు."

"ఆఁ?" అంది ఆమె.

"శతాబ్దాలుగా బట్ట మనిషిని కప్పుతోంది. మొదటిసారి ఒక బట్ట మనిషిని నమ్మింది. చూడండి, ఏదీ దాచడం లేదు!"

ఛైర్మన్ గారు తలూపారు. "మీకెలా అనిపిస్తోందండీ?" అని హెడ్డు గారిని అడిగారు.

"నాకూ అలాగే అనిపించింది సార్, మీకు అనిపించిన తర్వాత," అన్నారు హెడ్డు గారు.

తర్వాత ఇస్త్రీ తన సీటు బట్ట పరిచాడు. చూసి కత్తెర తెల్లబోయింది. ఒకవైపు మూర వెడల్పు, రెండోవైపు జానెడు. సలసల కాగే నీళ్లలో ఒక కొస ముంచి తీసినట్టు ముడుచుకుపోయి ఉంది. జేబురుమాలు ఇస్త్రీ చేసుకునే మనిషి చేసే పనేనా ఇది?

"కుంచించుకుపోయిందండి," అన్నాడు.

"కుంచించుకోలేదు," సలహాదారు లేచి నిలబడ్డాడు. "నిర్ణయం తీసుకుంది."

ఇద్దరికీ సమానంగా మార్కులు పడ్డాయి. క్యాంటీన్లో ఎదురెదురుగా కూర్చుని, పరామర్శకి వచ్చినవాళ్లలా ముఖాలు వేలాడేసుకున్నారు.

"కంగ్రాట్స్," అన్నాడు అతను.

"నీకూ."

"బాధపడుతున్నావా?"

"నువ్వే పడుతున్నట్టున్నావు. నాకు మార్కులొచ్చాయని ఏడుపా?"

"నీకు రావాలనే కదా..." అని ఆగాడు. "ఆ చిల్లులేంటసలు? పడుగు తెగుతుంటే నన్ను పిలవొచ్చుగా?"

"నువ్వు వేడినీళ్లలో ఎందుకు ముంచావు? ముడుచుకుంటుందని అంగన్‌వాడీ పిల్లలకి కూడా తెలుసు."

"నీ చిల్లుల కంటే నయమే."

"అవి చిల్లులు కావు, అవకాశాలు!"

ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చి టీ పొలమారింది. కానీ నవ్వు ఆగాక ఆమెకి గుబులు పట్టుకుంది. ఇంటి బెంగతో పాపం అతనికి పని కుదరడం లేనట్టుంది. ఇలాగే ఉంటే పొరపాటున తనే గెలిచేస్తుంది. ఈసారి ఏ సలహాదారూ మెచ్చుకోలేని పని చెయ్యాలి.

* * *

ఆఖరి సమీక్ష రోజు ఆమె క్యాంటీన్ ట్రేలో ఒక నూలు ఉండ పెట్టుకుని వచ్చింది. పిల్లి ఆడుకుని వదిలేసినట్టు, కొస ఎక్కడుందో దేవుడికి కూడా తెలియనంత చిక్కు.

"బట్ట ఏదమ్మా?" అన్నారు హెడ్డు గారు.

"నెయ్యలేదండి."

సలహాదారు కళ్లజోడు తీశాడు. తుడుచుకున్నాడు. పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

"నెయ్యలేదు!" అన్నాడు. "ఎంత సాహసం! అందరూ నేస్తారు. నెయ్యకుండా ఉండటానికి గుండె కావాలి."

ఈ మనిషి దగ్గర ఓడిపోవడం ఎలారా భగవంతుడా!

ఇస్త్రీ నీలం సీటు బట్ట తెచ్చాడు. ఈసారి నేత సరిగ్గానే ఉంది. ఛైర్మన్ గారు హుషారుగా దాన్ని తన కుర్చీ మీద పరిపించుకున్నారు.

"సార్, కూర్చోకండి," అన్నాడు ఇస్త్రీ కంగారుగా.

"సీటు బట్ట మీద కూర్చోకుండా ఎలాగయ్యా? నూలు సంగతి నాకు చెప్పకు." ఆయన తెల్లటి ప్యాంటుతో స్థిరంగా కూర్చున్నారు. బట్ట నిమిరి చేతుల వైపు చూసుకుంటే వేళ్లు నీలంగా ఉన్నాయి. "అరె, రంగు నాతో మాట్లాడుతోందే!" అన్నారు. ఇంకెక్కడెక్కడ మాట్లాడిందో ఆయన వెనక్కి తిరిగి చూసుకోలేదు.

కమిటీ గుసగుసలాడుకుంది. చివరికి ఛైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు. "రెండూ అద్భుతంగా ఉన్నాయి. తేల్చుకోలేకపోతున్నాం. మీరే చెప్పండి. ఎవరిది ఎందుకు గెలవాలో ఎవరికి వాళ్లు వాదించండి."

"నాది గెలవకూడదండి," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

కత్తెర అతనివైపు తిరగకుండానే గబగబా అందుకుంది. "నాది బట్టే కాదు సార్. వట్టి చిక్కు. అందరూ చూస్తున్నారుగా! తనది నేత చూడండి ఎంత సమంగా ఉందో."

"నేత సమంగా ఉంటే సరిపోతుందా సార్?" అతను అడ్డుపడ్డాడు. "రంగు నిలవదు. ముట్టుకుంటే అంటుకుంటోంది. ఎవరైనా కూర్చుంటే..." ఛైర్మన్ గారిని చూసి నాలిక కరుచుకున్నాడు. "తనకి నెయ్యడం వచ్చు సార్. ఇది ఏదో మనసు బాగాలేక..."

"నా మనసు బాగానే ఉంది. ఉండుండు, రంగు ఎందుకు నిలవలేదు?"

"రంగులో ఉప్పు వెయ్యలేదు."

"మర్చిపోయావా?"

అతను చొక్కా మడత సర్దుకున్నాడు. ఉప్పు మర్చిపోతాడా ఇతను? చేయి కడుక్కుని నీళ్లు విదిలించడానికి కూడా పద్ధతి ఉన్న మనిషి! ఆమెకి వేడినీళ్లు, ముడుచుకున్న కొస, క్యాంటీన్లో సగంలో ఆగిన మాట, అన్నీ వరసపెట్టి అర్థమయ్యాయి.

"కావాలనే చేశావు," అంది.

"నువ్వో?"

"నేనడిగింది ముందు చెప్పు."

"అవును, కావాలనే. నీ సంగతి చెప్పు. అంత దుప్పటిని అలా ఎందుకు పాడుచేశావు?"

"నువ్వు జీవితాంతం మీ బాబాయి షాపులో పరుపులు దులుపుతుంటే చూస్తూ ఊరుకోవాలా?"

"నీకెవరు చెప్పారు?"

"విన్నా."

"దొంగచాటుగానా?"

"టీ చాటుగా! నువ్వేమో నన్ను గెలిపించి పెద్ద త్యాగమూర్తివై పోదామనుకున్నావా? నా మీద జాలా?"

"జాలైతే అయ్యో అని ఊరుకునేవాణ్ణి. సీటు బట్ట తగలేసుకునేవాణ్ణి కాదు."

"మరేంటి?"

అతను కమిటీవైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "పెద్దవాళ్లున్నారు..."

"వాళ్లకేం అర్థం కాదులే, చెప్పు."

"అమ్మాయ్!" అన్నారు హెడ్డు గారు. ఎవరూ పట్టించుకోలేదు.

"నువ్వు లేని డిపార్ట్‌మెంటులో ఫస్టొచ్చి నేనేం చేసుకోను?" అన్నాడు ఇస్త్రీ. "మధ్యాహ్నాలు దారాల అవతల ఖాళీ కుర్చీ చూస్తూ ఎలా నేస్తాననుకున్నావు?"

కత్తెర నోరు తెరిచింది. కళ్లు నిండుతున్నాయని తెలిసి, ట్రేలోని చిక్కులో కొస వెతకసాగింది.

"ఇదీ!" సలహాదారు బల్ల మీద చరిచాడు. "ఇదీ కథంటే!"

ఛైర్మన్ గారికి మాత్రం వేరే అనుమానం పట్టుకుంది. "ఉండండుండండి. అంటే... ఇవి చెడిపోయిన బట్టలా?"

"అవునండి," అన్నారిద్దరూ.

"మొదటి సమీక్షలోవి కూడా?"

"అవునండి."

"మరి మేం బాగున్నాయన్నాం కదా!"

ఛైర్మన్ గారు సలహాదారుని చూశారు, సలహాదారు కిటికీని చూశాడు. ఛైర్మన్ గారు ముఖం గంటుపెట్టుకున్నారు. "ఇద్దరివీ రద్దు చేసెయ్యండి. ఇంటికి పంపండి."

ఏడాదంతా ఒక్క సొంత మాట మాట్లాడని హెడ్డు గారు అప్పుడు కలం మూత తీశారు. "అలాగే సార్. కారణం ఏమని రాయమంటారు? 'కావాలని పాడుచేసిన బట్టల్ని గుర్తుపట్టలేక కమిటీ రెండుసార్లు మెచ్చుకున్నందువల్ల' అని రాయనా? పత్రికలవాళ్లు బయట వరండాలోనే ఉన్నారు."

కత్తెర ఆయనవైపు ఆశ్చర్యంగా చూసింది. ఆయన కలంవైపే చూసుకుంటున్నారు, అదేదో తప్పు కలానిదే అన్నట్టు.

"రెండూ గొప్ప బట్టలే," అన్నారు చివరికి ఛైర్మన్ గారు. "ఇద్దరికీ కొనసాగించండి. చదువయ్యేదాకా. కానీ ఇక్కడ మాట్లాడింది ఈ గది దాటకూడదు."

"దాటదు సార్," అంది కత్తెర. గొంతు మళ్లీ పదునెక్కింది. "వచ్చే ఏడాది నిజమైన దుప్పటి, నిజమైన సీటు బట్ట తెచ్చి చూపిస్తాం. మీరు కప్పుకుని చూడండి, కూర్చుని చూడండి. కథ మాత్రం అడక్కండి."

సలహాదారు నొచ్చుకున్నాడు. ఛైర్మన్ గారు మాత్రం, అతనికిచ్చే ఫీజు గుర్తొచ్చిందో ఏమో, మొదటిసారి సంతోషంగా తలూపి లేచారు. తెల్లప్యాంటు వెనక నీలం చందమామ నిండుగా ఉదయించి ఉంది. చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆయన అలాగే ఫొటోగ్రాఫర్ల మధ్యలోకి హుందాగా నడిచి వెళ్లారు. ఆ తర్వాత ఆ కంపెనీలో ఇద్దరు మేనేజర్లు వెనక నీలం మచ్చలున్న ప్యాంట్లు కుట్టించుకున్నారని విన్నవాళ్లున్నారు.

వరండాలో ఇద్దరే మిగిలారు.

"ఇంతకీ నువ్వేం చెప్పలేదు," అన్నాడు ఇస్త్రీ.

"దేనికి?"

"నేనన్నదానికి."

"అంత పెద్ద కమిటీ ముందు నూలు చిక్కు పట్టుకుని పరువు తీసుకున్నా. అంతకంటే ఏం చెప్పాలి?" తల పక్కకి తిప్పుకుంది. తర్వాత మెల్లగా, "రేపట్నుంచి పొద్దున నాది, మధ్యాహ్నం నీది అనే లెక్క లేదు. రెండూ మనవే," అంది.

* * *

సెలవుల్లో అక్కా బావా ఆమెని తీసుకెళ్లడానికి వచ్చారు. అక్కకి ఫోన్లోనే సగం చెప్పింది. మిగతా సగం అక్క తనే అల్లుకుంది. "వాడెలా ఉంటాడో నేను చూడాలి," అని కొత్త చీర కట్టుకుని మరీ వచ్చింది. బావ ఏమీ అనలేదు. అదే ఆమెకి భయం. బావ మాట్లాడితే పర్లేదు, మాట్లాడకపోతే ఏదో కొలుస్తున్నాడన్నమాట.

ఇస్త్రీ హాస్టల్ ముందు గంజి పెట్టిన గుడ్డలా బిగుసుకుని నిలబడ్డాడు. ఆ చొక్కా మడతకి చెయ్యి తెగేలా ఉంది. అక్క పైనుంచి కిందికి చూసి నవ్వాపుకుంది. బావ దగ్గరికొచ్చి, జేబులోంచి టేపు తీశాడు.

"చెయ్యి ఎత్తు," అన్నాడు.

ఇస్త్రీ రెండు చేతులూ ఎత్తేశాడు, పోలీసులకి దొరికినట్టు.

"ఒకటి చాలు. మీ నాన్న ఏం చేస్తారు?"

"బస్సు డ్రైవరండి."

"తాగుతారా?"

"టీ అండి."

"అటు తిరుగు. చదువయ్యాక ఏం చేస్తావు?"

"బట్ట నేస్తానండి. ఇద్దరం కలిసి పెడదామని..."

"ఎవరిద్దరం?"

ఇస్త్రీ గుటక వేశాడు. మెడ చుట్టూ టేపుంది. "మీ మరదలూ నేనూనండి."

"ఊపిరి బిగపట్టకు, మెడ కొలత తప్పు వస్తుంది. దాని నోరు సంగతి తెలుసా?"

"తెలుసండి. మొదటిరోజే నోరు మూసుకోమంది."

"మూసుకున్నావా?"

"మూసుకున్నానండి."

బావ మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. ఏదో తనకి బాగా పరిచయమైన మనిషిని చూసినట్టు. పక్కనుంచి అక్క, "ఏంటా చూపు?" అంది. "ఏం లేదులే," అని బావ వెంటనే టేపులోకి తలదించేశాడు.

కత్తెరకి ఇక ఉండబట్టలేదు. "బావా, ఏం కుడుతున్నావసలు? తనకి స్కూలు యూనిఫామా?"

"కోటు," అన్నాడు బావ, చెవి వెనక పెన్సిలు తీసి అరచేతిలో కొలతలు రాసుకుంటూ. "చదువు పూర్తవ్వాలి, ఆ దుప్పటీ సీటూ ఏవో తేలాలి, వాళ్ల అమ్మానాన్నతో మేం మాట్లాడాలి. అప్పటికి కదా తొడిగేది. ఇప్పట్నుంచే గుడ్డ కత్తిరించి ఉంచుతా."

"అన్నేళ్లకి ఈ కొలతలు సరిపోతాయా అండీ?" అన్నాడు ఇస్త్రీ, ధైర్యం తెచ్చుకుని.

బావ టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. మరదలివైపు ఓసారి, పక్కనే ఉన్న తన భార్యవైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు.

"కుట్లలో రెండంగుళాలు వదిలిపెడుతున్నానయ్యా. పెళ్లి కుదిరిన సంతోషంలో మనిషి ఎంత లావవుతాడో నాకు తెలుసు."